గెలాక్సీ పోగొట్టుకున్న ధూళి

పిల్లలకు ఆశీస్సులు.

గెలాక్సీల్లో నక్షత్రాల మధ్య చాలా చల్లని ధూళి ఉంటుంది కదా, అంత చల్లని ధూళి వెలుగెలా ఇస్తుందని అడిగారు. మంచి ప్రశ్న. వేడి ఎంతోకొంత ఉన్న ప్రతి వస్తువూ కాంతిని విడుస్తూనే ఉంటుంది. చల్లబడేకొద్దీ ఆ కాంతి తరంగాలు పొడవవుతాయి, అంతే. గెలాక్సీల్లోని ఈ ధూళి, అంటే కార్బన్, సిలికేటు (ఇసుకలాంటి పదార్థం) రేణువులు, నక్షత్రాల కాంతిని పీల్చుకుని కూడా చాలావరకు 20 కెల్విన్ దగ్గరే ఉంటాయి. అంటే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్. వాటి వెలుగు 150 మైక్రాన్ల తరంగాల చుట్టుపక్కల ఎక్కువగా ఉంటుంది (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు). మన కంటికి కనిపించే ఎరుపు 0.7 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది.

ఎరుపుకన్నా పొడవైన తరంగాలున్న ఈ పరారుణ కాంతిని మన వాతావరణంలోని నీటి ఆవిరి నేల దాకా రానివ్వదు. అందుకే టెలిస్కోపును అంతరిక్షానికి పంపాలి. 1983లో వెళ్లిన ఐరాస్ అనే అంతరిక్ష టెలిస్కోపు 100 మైక్రాన్ల వరకే చూడగలిగింది. దానికి దొరికింది ఎక్కువగా వెచ్చని ధూళి. బరువులో సింహభాగమైన చల్లని ధూళి తప్పించుకుంది. 2009 మే నెలలో బయలుదేరిన హెర్షెల్ అనే అంతరిక్ష టెలిస్కోపుకు 3.5 మీటర్ల అద్దం ఉండేది, 500 మైక్రాన్ల దాకా చూసేది. తన పరికరాలే వేడిగా ఉంటే చల్లని వెలుగు కనపడదు కదా! అందుకే వాటిని ద్రవ హీలియంతో చల్లబరిచారు. 2013 ఏప్రిల్‌లో హీలియం అయిపోయింది, పరిశీలనలూ ఆగిపోయాయి.

హెర్షెల్ శ్రద్ధగా గాలించిన చోట్లలో కన్యారాశి దిక్కున ఉన్న గెలాక్సీల గుంపు ఒకటి. మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఆ గెలాక్సీల మధ్య ఉన్నది ఖాళీ కాదు, కోట్ల డిగ్రీల వేడితో పలచని వాయువు పరుచుకుని ఉంది. సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు అటూఇటూ వేగంతో అందులోకి దూసుకొచ్చే గెలాక్సీకి, బండి మీద వేగంగా పోయేవాడి ముఖానికి కొట్టినట్టే ఎదురుగాలి తగులుతుంది. నక్షత్రాలను ఆ గాలి కదిలించలేదు, వాటి మధ్య ఉన్న చల్లని వాయువును, ముఖ్యంగా హైడ్రోజన్‌ను, మాత్రం ఊడ్చుకుపోతుంది. వాయువు పోతుందని ముందే తెలుసు. మరి ధూళి? అలా హైడ్రోజన్ కొరవడిన సర్పిలాకార గెలాక్సీల్లో ధూళి పళ్లెం కూడా అంచుల దగ్గర తెగి కురచగా ఉందని హెర్షెల్ చూపించింది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇదే. కొత్త నక్షత్రాలకు కావలసిన ముడిసరుకు ఆ వాయువే కాబట్టి, అది పోయిన గెలాక్సీ మెల్లగా వయసు మళ్లుతుంది.

బయట పడ్డ ధూళి గతి ఏమిటి? వేడి వాయువులోని అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) రేణువులను ఢీకొని అణువణువుగా చెక్కేస్తాయి. గుంపు నడుమ వాటి ఆయువు పది కోట్ల ఏళ్ల స్థాయిలోనే ఉంటుంది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, దాని ముందు అదెంత? కాబట్టి గెలాక్సీల నడుమ ధూళి కనిపిస్తే, అది ఈమధ్యే అక్కడికి చేరిందన్నమాట. వెతకడమూ తేలిక కాదు. మన పాలపుంతలోని ధూళి కూడా అదే దిక్కున అడ్డంగా పరుచుకుని, అలాగే మెరుస్తుంది. ఏది మనది, ఏది వాళ్లదని విడదీయాలి.

ఇంకో చిక్కుంది. గుంపు మధ్యలోని ఎం87 అనే పెద్ద గెలాక్సీ నుంచి కూడా పరారుణ కాంతి వస్తుంది. ధూళే అనుకోబోతారు. లెక్క కట్టి చూస్తే, నల్లబిలం నుంచి ఎగజిమ్మే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ ఇచ్చే సింక్రోట్రాన్ వెలుగే దానికి సరిపోయింది. ధూళి ప్రసక్తే అక్కర్లేదు. ఒక్క తరంగదైర్ఘ్యంలో చూస్తే ఈ తేడా తెలియదు. అయిదారింటిలో కొలిచి, వెలుగు ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో గీత గీస్తేనే తెలుస్తుంది.

మీ తాతయ్య