ఆగిపోయిన కథని గోరుతో గీకి చూడండి

చిన్నీ, బాబీ,

చిన్నీ, నువ్వు పంపిన కథ పేజీల ఫోటోలన్నీ చదివాను. "తాతయ్యా, పోయినేడు రాసి మధ్యలో ఆపేసిన కథ దొరికింది, చదివితే సిగ్గేసింది, చింపేయనా" అన్నావు. చింపకు. ముందు నా గులాబీ సంగతి విను.

ఎండాకాలంలో నెల్రోజులు ఇంట్లో లేను కదా, వచ్చేసరికి కుండీలో గులాబీ ఎండిపోయి కట్టెపుల్లలా నిలబడుంది. పీకేద్దామని చెయ్యి వేసి, ఎందుకో ఆగి గోరుతో బెరడు గీకాను. లోపలా గోధుమరంగే. ఇంకాస్త కింద గీకా, అదే. నేలకి జానెడు ఎత్తులో మాత్రం సన్నగా ఒక పచ్చటి గీత కనబడింది. దానిపైన ఉన్నదంతా కత్తిరించేశా, మొక్క బోడిగా అయిపోయింది గానీ, మూడు వారాలకి ఆ పచ్చగీత పక్కనుంచే ఎర్రటి చిగురొచ్చింది.

ఆగిపోయిన కథా అంతే. మనమేమో ఎండుకొమ్మలకి రంగు వేస్తూ కూర్చుంటాం, అంటే స్పెల్లింగులు దిద్దడం, మొదటి పేరాలో సూర్యోదయాన్ని ఇంకాస్త అందంగా రాయడం. ఎంత రంగేసినా చిగురు రాదు.

నీ కథే చూడు. "ఒక అమ్మాయి ఉండేది, చాలా మంచిది, చాలా తెలివైనది." ఎండిపోయింది తల్లీ, ఏమనుకోకు. రెండో పేజీ కూడా అంతే. మూడో పేజీలో "తలుపు దగ్గర చెప్పులు మూడు జతలే ఉన్నాయి" అని రాసి, వెంటనే స్కూల్ బ్యాగ్ గురించి చెప్పుకుంటూ వెళ్ళిపోయావు. ఇంట్లో నలుగురని మొదట్లో నువ్వే చెప్పావు కదే! నేను అక్కడే ఆగిపోయా.

మీ వయసులో నేనూ లెక్కల నోట్సు వెనక పేజీల్లో డిటెక్టివ్ నవల మొదలెట్టా. పదకొండో పేజీలో ఆగింది, ఎందుకంటే దొంగెవరో డిటెక్టివ్‌కే కాదు నాకూ తెలీదు. (లెక్కల మాస్టారికి దొరికిపోయాను, అది వేరే కథ.) చాలా ఏళ్ళకి ఆ నోట్సు బయటపడితే డిటెక్టివ్ వట్టి అట్టబొమ్మలా కనిపించాడు. కానీ ఒక వాచ్‌మన్ ఉన్నాడు, సెల్లు అయిపోతుందని టార్చి వెలిగించకుండా చీకట్లోనే నడుస్తుంటాడు. ఆ ఒక్క వాక్యం కొత్త కాయితం మీద రాసుకుని, పాత నోట్సు మూసేసి, వాడి వెనకాలే నడిచా. డిటెక్టివ్ పోయాడు, దొంగా పోయాడు, కథ మిగిలింది.

హార్పర్ లీ అని ఒక అమెరికన్ రచయిత్రి 1957లో పబ్లిషర్లకి ఒక నవల ఇచ్చింది, పెద్దయిన అమ్మాయి సొంతూరికి వచ్చే కథ. ఎడిటర్‌కి నచ్చిందేమో మధ్యమధ్యలో వచ్చే ఆ అమ్మాయి చిన్నప్పటి జ్ఞాపకాలు, దాంతో ఆ చిన్నపిల్ల కళ్ళతోనే మళ్ళీ రాయమంది. అదే 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'గా వచ్చింది. మొదట రాసింది 2015లో విడిగా అచ్చయింది, పెద్దయ్యాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఏ కొమ్మ పోయిందో ఏది చిగురేసిందో మీకే కనబడుతుంది.

మొక్క పోలిక ఇక్కడ కొంచెం తేడా కొడుతోంది, కత్తిరించిన కొమ్మ పోయినట్టే, కథలోంచి తీసేసిన పేజీలు మాత్రం దాచుకోవచ్చు, ఇంకోదాంట్లో పనికొస్తాయి. చింపొద్దన్నది అందుకే. బాబీ, నువ్వు ఫోన్లో రాస్తావు కాబట్టి డిలీట్ కొట్టకుండా కాపీ తీసి వేరే పేరుతో పెట్టుకో. ఇంకోటి, పాతది కష్టంగా ఉందని కొత్తది మొదలెట్టేయడం కూడా బద్ధకమేరా, నా బీరువాలో అలాంటివి పద్నాలుగున్నాయి.

ఈ ఆదివారం ఇద్దరూ పాతవి తీసి పైకి చదవండి. చేతిలో పెన్ను వద్దు. చదువుతూ ఉంటే ఒకచోట గొంతు దానంతటదే నెమ్మదిస్తుంది, ఇన్నేళ్ళైనా నాకది వింతగానే ఉంటుంది. గీకాల్సింది అక్కడే.

చిన్నీ, ఇంతకీ ఆ నాలుగో జత ఎవరు వేసుకెళ్ళారే? రాత్రి రెండింటికి మెలకువొచ్చి అదే ఆలోచిస్తూ కూర్చున్నా.

మీ తాతయ్య