సకురాబా గురించి మనవాళ్లు నమ్మే అపోహలు, అసలు జరిగినవి

నేను హైదరాబాద్‌లో గ్రాప్లింగ్ నేర్పిస్తాను, అంటే గుద్దులు లేకుండా పట్లతో లొంగదీసే ఆట. కొత్తగా చేరే కుర్రాళ్లు ఫోన్‌లో పాత ఫైట్ల ముక్కలు చూసి వస్తారు. అందులో తప్పకుండా ఉండే మనిషి కజుషి సకురాబా. నారింజ రంగు ట్రంక్స్, ముఖం మీద ఏ టెన్షనూ లేని నవ్వు, బ్రెజిల్ జియు-జిట్సుకి (నేల మీద పట్లతో లొంగదీసే విద్య) పేరుమోసిన గ్రేసీ కుటుంబంలో నలుగుర్ని ఓడించిన రికార్డు. అతని ఆట నాకు ప్రాణం. అందుకే అతని పేరు మీద తిరిగే తప్పుడు మాటలు వింటే ఊరుకోబుద్ధి కాదు. వాటిలో ఎక్కువ శాతం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఒక్కటి మాత్రం మా జిమ్ముల్లో పిల్లల ఒంటి మీదికి తెస్తోంది.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 1969లో జపాన్‌లోని అకిటా ప్రాంతంలో పుట్టాడు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో జపాన్‌లో ఫైట్లు నడిపిన ప్రైడ్ సంస్థకు అతనే ముఖచిత్రం. ఎంఎంఏలో (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే పోరు) 46 ఫైట్లు ఆడితే 26 గెలిచాడు, 17 ఓడాడు, ఒకటి డ్రా, రెండింటికి ఫలితం లేదు. చివరి ఫైట్ 2015 డిసెంబర్‌లో. 2017లో అమెరికా ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీ అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది.

అపోహ: అతను ప్రో రెజ్లర్, కాబట్టి అన్నీ ముందే మాట్లాడుకున్న ఫైట్లు

ప్రో రెజ్లర్ అన్నమాట నిజమే. 1993లో యూడబ్ల్యూఎఫ్ఐ అనే జపాన్ సంస్థలో చేరాడు. అక్కడ ఎవరు గెలవాలన్నది ముందే తేల్చుకునేవారు, దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ ప్రాక్టీసు మాత్రం నిజం. అంతకు ముందే అతను చువో యూనివర్సిటీ తరఫున అమెచ్యూర్ రెజ్లింగ్ చేసినవాడు. యూడబ్ల్యూఎఫ్ఐలో బిల్లీ రాబిన్సన్ దగ్గర పట్లు నేర్చుకున్నాడు. రాబిన్సన్ ఇంగ్లండ్‌లోని విగాన్ ఊళ్లో, క్యాచ్ రెజ్లింగ్‌కి (పట్లతో లొంగదీసే పాత కుస్తీ) పేరుమోసిన వ్యాయామశాలలో తయారైన మనిషి. మన పాతబస్తీ తాలీమ్‌లలో పెద్ద పహిల్వాన్లు శిష్యుల్ని ఎలా నలిపి తయారు చేశారో తెలిసినవాళ్లకి ఆ చదువు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

1997 అక్టోబర్‌లో టోక్యో డోమ్‌లో, మొదటి ప్రైడ్ షోలో సకురాబా సీనియర్ నోబుహికో తకాడా రిక్సన్ గ్రేసీ చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. జపాన్‌లో ప్రో రెజ్లర్ల పరువు ఆ రాత్రితో మట్టిలో కలిసింది. రెండు నెలలకి, డిసెంబర్ 21న యోకొహామాలో యూఎఫ్‌సీ టోర్నమెంటు జరిగింది. సకురాబా ఎదురుగా కార్ల్‌సన్ గ్రేసీ బ్లాక్‌బెల్ట్ మార్కస్ సిల్వేరా. మనిషి సుమారు 110 కిలోలు. సకురాబా అతని కాళ్లకోసం కిందికి దూకాడు. రిఫరీ జాన్ మెక్‌కార్తీ అది దెబ్బకి పడిపోవడం అనుకుని ఫైట్ ఆపేశాడు. తర్వాత వీడియో చూసి ఫలితం రద్దు చేశారు. ఇంకో వైపు నుంచి ఫైనల్‌కి వచ్చిన ట్యాంక్ అబాట్ చేతి గాయంతో తప్పుకోవడంతో అదే రాత్రి ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఈసారి సకురాబా ఆర్మ్‌బార్‌తో (మోచెయ్యి సాగదీసే పట్టు) ముగించాడు. ప్రో రెజ్లర్లు నిజంగానే బలవంతులని ఆ కేజ్‌లోనే నిలబడి చెప్పాడు.

అలా ఆగిపోయి, మళ్లీ మొదలై, మనిషి మోచెయ్యి సాగదీసి గెలిచిన ఫైట్‌ని స్క్రిప్టు అనేవాళ్లు ఒకసారి పూర్తిగా చూడాలి.

అపోహ: సకురాబా వచ్చాక జియు-జిట్సు పనికిరాదని తేలిపోయింది

ఇది ఎక్కువగా కిక్‌బాక్సింగ్ నుంచి వచ్చినవాళ్లు అంటారు. లెక్క చూస్తే నిజంలాగే కనిపిస్తుంది. 1999 నవంబర్ నుంచి 2000 డిసెంబర్ వరకు, పదమూడు నెలల్లో రాయ్లర్, రాయిస్, రెంజో, రయన్ అందరూ అతని చేతిలో ఓడారు. ‘గ్రేసీ హంటర్’ అన్న పేరు అప్పటిదే.

అయితే ఎలా ఓడించాడు? రాయ్లర్‌ని, రెంజోని పట్టిన పట్టు కిమురా, చేతిని మెలితిప్పే పట్టు. ఆ పేరు జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురాది. 1951లో రియో డి జనీరోలో ఆయన హీలియో గ్రేసీ చెయ్యి విరిచింది ఈ పట్టుతోనే. హీలియో ట్యాప్ చేయలేదు (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోలేదు), అన్న కార్లోస్ తువ్వాలు వేసి ఫైట్ ఆపించాడు. క్యాచ్ రెజ్లింగ్‌లో అదే పట్టు డబుల్ రిస్ట్‌లాక్. జియు-జిట్సు క్లాసులో మొదటి నెలలో నేర్పేదీ అదే. అంటే సకురాబా గ్రాప్లింగ్‌ని కొట్టేయలేదు, ఇంకా మెరుగైన గ్రాప్లింగ్ చూపించాడు.

రెంజోతో 2000 ఆగస్టులో జరిగిన ముగింపుని నా క్లాసులో ముక్కలు ముక్కలుగా ఆపి చూపిస్తాను. ఇద్దరూ నిలబడి ఉన్నారు. రెంజో వెనక నుంచి సకురాబా నడుము చుట్టేశాడు. మామూలుగా అయితే అది వెనకున్నవాడికే లాభం. సకురాబా కంగారుపడి ఆ చేతుల్ని విడదీయలేదు. రెంజో మణికట్టుని ఒక చేత్తో పట్టాడు. రెండో చేతిని అతని మోచెయ్యి పైనుంచి దింపి తన మణికట్టునే తాను పట్టుకున్నాడు. ఇప్పుడు రెంజో చెయ్యి తాళం పడినట్టే. అక్కడి నుంచి ఒళ్లంతా ఒక్కసారి తిప్పాడు. రెంజో గాల్లో తిరిగి కింద పడేసరికి మోచెయ్యి స్థానం తప్పింది. రెండో రౌండు ఇంకా 17 సెకన్లలో అయిపోతుందనగా జరిగిందిది. రెంజో ట్యాప్ చేయలేదు. మైకు తీసుకుని, సాకులేమీ లేవు, ఈ రాత్రి అతనే మెరుగు అని ఒప్పుకున్నాడు.

ఇందులో బలం చేతులది కాదు. పట్టినవాడు తన ఛాతీని ఎదుటివాడి మోచేతికి అంటించి, మొత్తం మొండేన్ని తిప్పుతాడు. భుజం గుండ్రంగా ఎంతవరకు తిరగగలదో అంతకు మించి తిప్పితే ఏదో ఒకటి తెగుతుంది, భుజమో మోచెయ్యో. ప్రాక్టీసులో దీన్ని జర్క్ ఇచ్చి లాగే కుర్రాణ్ణి నేను ఆ రోజుకి మ్యాట్ దింపేస్తాను.

రాయ్లర్ ఫైట్ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అతను సకురాబా కన్నా పది కిలోలకు పైగా తక్కువ. ట్యాప్ చేయలేదు, రిఫరీయే ఆపాడు. గ్రేసీలు గొడవ చేశారు. వాళ్ల కోపంలో కొంత న్యాయం ఉంది. తర్వాతి మే నెల ఫైట్‌కి రాయిస్ ప్రత్యేక రూల్స్ అడగడానికి మూలం ఆ రాత్రే.

అపోహ: రాయిస్‌తో 90 నిమిషాలు ఆపకుండా కొట్టుకున్నారు

2000 మే 1, టోక్యో డోమ్, ప్రైడ్ గ్రాండ్ ప్రి. రౌండుకి 15 నిమిషాలు, రౌండ్లకి లెక్కలేదు, జడ్జీలు లేరు, రిఫరీ తనంతట తాను ఆపకూడదు. ఆరు రౌండ్లు సాగింది కాబట్టి 90 నిమిషాలన్న అంకె నిజం. మధ్యలో విశ్రాంతి ఉంది. ఫైట్‌లో కూడా నిమిషాల తరబడి ఇద్దరూ గోడకు ఆనుకున్నట్టు తాళ్ల దగ్గర అతుక్కుని నిలబడిపోయారు. అది చూసి కొంతమంది బోర్ అంటారు. నాకైతే అంతకన్నా మంచి పాఠం దొరకలేదు.

రాయిస్ గి (జియు-జిట్సు కోటు, ప్యాంటు) వేసుకుని వచ్చాడు. ఆ బట్టే అతని బలం, దాంతోనే పట్టి లాగి గొంతు బిగిస్తాడు. సకురాబా ఆ బలాన్నే అతని మీదికి తిప్పాడు. ప్యాంటు పట్టి కాళ్లు కదలకుండా చేశాడు, కోటు లాగి చేతులు కట్టేశాడు. మొదటి రౌండు చివర్లో మోకాలి పట్టుతో దాదాపు ముగించాడు. ఆ తర్వాత తొందరపడలేదు. ఒకే తొడ మీద తన్నుతూ పోయాడు. ఒక్క తన్నుకి ఎవరూ పడరు. పదో తన్నుకి అడుగు తడబడుతుంది, ముప్పైకి ఆ కాలు మీద బరువు వేయాలంటేనే భయమేస్తుంది. ఆరో రౌండు తర్వాత రాయిస్ లేచి నిలబడే స్థితిలో లేడు. అన్న రోరియన్ తువ్వాలు విసిరాడు.

దీని మీద మా దగ్గర జరిగే మూర్ఖత్వం ఏమిటంటే, “మేమూ గంటన్నర స్పారింగ్ చేస్తాం అన్నా” అని మొదలుపెట్టడం. ఇరవై నిమిషాల తర్వాత చేసేది ప్రాక్టీసు కాదు. కాళ్లు మొద్దుబారి, తప్పుడు కదలికలే ఒంటికి అలవాటవుతాయి. సకురాబా 90 నిమిషాలు నిలిచాడంటే ఎక్కడ ఊపిరి దాచుకోవాలో తెలిసి నిలిచాడు. కాస్త సందు దొరికితే బరువంతా ఎదుటివాడి మీద వేసి తాను తేలిగ్గా ఉండేవాడు.

చాలామందికి తెలియని సంగతి, అదే రాత్రి అతను మళ్లీ రింగెక్కాడు. ఎదురుగా హెవీవెయిట్ ఇగోర్ వొవ్‌చాంచిన్. మనిషిని ఒక్క గుద్దుతో పడేసే రకం. 15 నిమిషాలు నిలబడ్డాడు, మొదట్లో బాగానే ఆడాడు. ఇంకో రౌండు అవసరమన్నప్పుడు అతని కార్నర్ (రింగు పక్కన ఉండే అతని మనుషులు) ఒప్పుకోలేదు. ఓటమి తీసుకుని మనిషిని ఇంటికి పట్టుకెళ్లారు.

అపోహ: వాండర్లే సిల్వా చేతిలో మూడుసార్లు ఓడాడు, అంటే హైప్ ఎక్కువ

మూడుసార్లు ఓడిన మాట నిజం. 2001 మార్చిలో 98 సెకన్లలో అయిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో కాలర్ బోన్ విరిగి డాక్టర్ ఆపాడు. 2003 ఆగస్టులో నాకౌట్. కానీ బరువు చూడండి. సకురాబా సహజంగా 83 కిలోల మనిషి. ప్రైడ్‌లో అప్పుడు మిడిల్‌వెయిట్ అంటే 93 కిలోలు. 2002లో అంతకన్నా పెద్దవాడైన మిర్కో క్రోకాప్ మీదికి కూడా పంపారు, కంటి గాయంతో ఆగింది. ఈ రోజుల్లో ఫైట్లకి అనుమతిచ్చే ఏ కమిషనూ ఒప్పుకోని జోడీలవి. అయినా విటోర్ బెల్ఫోర్ట్‌ని, క్వింటన్ జాక్సన్‌ని ఓడించిన మనిషిని హైప్ అనడం అన్యాయం.

అపోహ: ఓడినప్పుడల్లా సాకులు చెప్పాడు

జపాన్ ఫైటర్ యోషిహిరో అకియామాతో ఆడిన ఫైట్ చూసి ఇలా అంటారు. 2006 డిసెంబర్ 31, ఒసాకా. అకియామా ఒళ్లు జారుతోందని సకురాబా ఫైట్ మధ్యలోనే రిఫరీకి మొరపెట్టుకున్నాడు. పట్టించుకోలేదు, దెబ్బలు తిని ఓడాడు. తర్వాత విచారణలో అకియామా ఒంటికి క్రీము రాసుకున్నాడని తేలి ఫలితం రద్దు చేశారు. 2007 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో రాయిస్ మళ్లీ ఆడి పాయింట్ల మీద గెలిచాడు, ఆ తర్వాత డోపింగ్ పరీక్షలో నాండ్రోలోన్ అనే నిషేధిత స్టెరాయిడ్ బయటపడింది. రెండు చోట్లా తప్పు ఎవరిదో రికార్డులోనే ఉంది.

అపోహ: ఎంత దెబ్బ తిన్నా లొంగకపోవడమే సకురాబా గొప్పతనం

నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్కటి ఇదే. “సకురాబా అయితే ట్యాప్ చేసేవాడా?” అని ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటూ మోచేతులు వాపెక్కించుకున్న పిల్లల్ని నేను చూశాను.

ఈ నమ్మకానికి ఎక్కువ ఊతమిచ్చిన ఫైట్ 2006 ఆగస్టులో కెస్టుటిస్ స్మిర్నోవాస్‌తో జరిగింది. మొదటి రౌండులోనే సకురాబా కుప్పకూలాడు. తాళ్ల మధ్య చిక్కుకుని, కాపాడుకోలేని స్థితిలో గుద్దులు తిన్నాడు. రిఫరీ ఆపలేదు. ఎలాగో తేరుకుని ఆర్మ్‌బార్ పట్టి గెలిచాడు. క్లిప్పుల్లో ఆ గెలుపునే చూపిస్తారు. దాని ముందు నడిచిన భాగాన్ని శబ్దం తీసేసి చూడండి. తల కదిలే తీరు చూడండి. ఆపాల్సిన ఫైట్ అది. అతనికి అప్పటికి 37 ఏళ్లు.

తర్వాతి ఏళ్లలో ఓటములే ఎక్కువ. 2010 చివరి రోజున మరియస్ జారోమ్‌స్కిస్‌తో ఆడినప్పుడు చెవి ఊడి వేలాడే పరిస్థితి వస్తే డాక్టర్ ఆపాడు. 2015 డిసెంబర్ 29న, 46 ఏళ్ల వయసులో షిన్యా అవోకి కింద ఇరుక్కుపోయి వరుసగా గుద్దులు తింటుంటే అతని కార్నర్ నుంచే ఫైట్ ఆపించారు. అతను మాత్రం ట్యాప్ చేయలేదు.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. లొంగకపోవడం ఫైటర్ గుణం, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ గుణం ఉన్న మనిషికి పక్కన ఆపేవాడు ఉండి తీరాలి. ఫైట్ మధ్యలో ఉన్నవాడికి తన దెబ్బ ఎంత పెద్దదో తెలియదు, ఒంట్లో ఎక్కిన వేడి తెలియనివ్వదు. అది బయటి కంటికే కనిపిస్తుంది. రోరియన్ తువ్వాలు వేసి తమ్ముడి కాలు కాపాడాడు. ఆ రాత్రి సకురాబా కార్నర్ అతన్ని ఇగోర్ గుద్దుల నుంచి కాపాడింది. అందుకే ఆ ఏడాదే అతను రెంజోని ఓడించగలిగాడు. మా జిమ్ నుంచి పోటీకి వెళ్లే ప్రతి ఒక్కరితోనూ ముందే మాట్లాడుకుంటాం. తువ్వాలు నా చేతిలో ఉంటుంది, వేశాక వాదన ఉండదు. ఒప్పుకోనివాళ్లకి నేను కార్నర్‌లో కూర్చోను.

అపోహ: మాస్కులు, గెంతులు అంతా షో

కొంత షోనే, జనాన్ని నవ్వించడం అతనికి ఇష్టం. కానీ కింద పడుకున్న ప్రత్యర్థి కాళ్ల మీదుగా పల్టీ కొట్టడం గార్డ్ (కాళ్లతో అడ్డుకునే రక్షణ) దాటడానికే. రెండు చేతులూ ఎత్తి వేసే మంగోలియన్ చాప్ ఎదుటివాడి చేతుల్ని ముఖం దగ్గరికి లాగుతుంది, పక్కటెముకలు ఖాళీ అవుతాయి.

తర్వాత అతని శ్రద్ధ క్వింటెట్ మీదికి మళ్లింది. 2018లో తనే మొదలుపెట్టిన గ్రాప్లింగ్ పోటీ అది. జట్టుకి ఐదుగురు, దెబ్బలు లేవు, గెలిచినవాడు మ్యాట్ మీదే ఉండి ఎదుటి జట్టులో తర్వాతి వాడితో తలపడతాడు. జట్టు మొత్తం బరువుకి పరిమితి పెట్టారు కాబట్టి చిన్నవాడు పెద్దవాడితో పడే ముచ్చట కూడా ఉంటుంది.

అతన్ని మొదటిసారి చూడాలనుకుంటే స్మిర్నోవాస్ ఫైట్‌తో మొదలుపెట్టకండి. 1998 జూన్‌లో కార్లోస్ న్యూటన్‌తో ఆడింది చూడండి. ఇద్దరూ ఒక పట్టులోంచి ఇంకో పట్టులోకి ఆగకుండా జారుతూ ఉంటారు, చివర్లో సకురాబా మోకాలి పట్టు పడుతుంది, న్యూటన్ వెంటనే ట్యాప్ చేస్తాడు. తర్వాత రెంజో ఫైట్. ఆ తర్వాత ఓపికుంటే రాయిస్‌తో ఆరు రౌండ్లూ. మూడో రౌండు నుంచి సకురాబాని కాకుండా రాయిస్ ముందు కాలిని మాత్రమే గమనించండి.