వెన్నుపాము దెబ్బ తర్వాత సొంతంగా బతకడం: వైజాగ్ ఇళ్లల్లో నేను వినే అపోహలు

నేను వైజాగ్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పిస్తాను. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, స్లాబ్ పనిలో జారినవాళ్లు, బైక్ యాక్సిడెంట్ అయినవాళ్లు, ఆపరేషన్ అయ్యి రాడ్లు వేయించుకుని ఇంటికొచ్చాక అసలు కథ మొదలవుతుంది, అక్కడే నా పని.

అపోహ: నడిస్తేనే బాగైనట్టు

"ఏటమ్మా, మావోడు ఎప్పటికి నడుస్తాడు?" ఎవరింటికెళ్లినా మొదటి ప్రశ్న ఇదే. నడక సంగతి దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత తగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది, కానీ సొంతంగా బతకడానికి నడకే అక్కర్లేదు. మెడలో సీ7 (మెడ ఎముకల్లో పైనుంచి ఏడోది) దగ్గర దెబ్బ అయితే మోచెయ్యి చాపే బలం మిగుల్తుంది, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి సొంతంగా మారడం చాలామంది నేర్చుకుంటారు. సీ6 అయితే వేళ్లు పనిచెయ్యవు గానీ మణికట్టు పైకి లేస్తుంది, అలా లేపినప్పుడు వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, ఆ కాస్త పట్టుతోనే గ్లాసు, బ్రష్షు పట్టుకోవడం నేర్పిస్తాం. దీన్ని టెనోడెసిస్ అంటారు. ఇంట్లోవాళ్లేమో ప్రేమకొద్దీ మణికట్టు, వేళ్లు రెండూ కలిపి వెనక్కి సాగదీసి నూనె మసాజ్ చేసేస్తారు, దాంతో ఆ బిగువు కాస్తా పోతుంది. దయచేసి అది మాత్రం చెయ్యకండి.

అపోహ: కాలు కదిలింది, నరం తిరిగొస్తోంది

చాలాసార్లు అది స్పాజమ్. మెదడు నుంచి మాట రాకపోయినా దెబ్బ కింద ఉన్న వెన్నుపాము తనంతట తను కాలిని ఎగరేస్తుంది. "ఇప్పుడు కదుపు" అంటే కదిపితే అది వేరే సంగతి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. స్పాజమ్ ఉన్నట్టుండి ఎక్కువైతే సంబరపడకుండా యూరిన్ ఇన్ఫెక్షనో, పుండో, మోషన్ బిగుసుకుపోవడమో ఉందేమో చూడాలి.

అపోహ: నీళ్లు తక్కువ తాగితే యూరిన్ గొడవ ఉండదు

ఉంటుంది, ఇంకా ఎక్కువ ఉంటుంది: ఇన్ఫెక్షన్లు, రాళ్లు. డాక్టర్ సరే అంటే పర్మనెంట్ పైపు బదులు 4 నుంచి 6 గంటలకోసారి సన్నపాటి క్యాథెటర్‌తో ఖాళీ చేసుకోవచ్చు. చేతులు బాగున్నవాళ్లు ఇది తామే చేసుకోగలరు, కానీ పాతికేళ్ల కుర్రాడికి ఏళ్ల తరబడి అమ్మే చేస్తూ ఉంటుంది, అతనికెంత ఇబ్బందో ఎవరూ అడగరు.

అపోహ: తలనొప్పే కదా, మాత్ర వేసి పడుకోబెడదాం

ఇది ప్రమాదం. వెన్నులో టీ6 (మెడ కింద వీపు ఎముకల్లో ఆరోది) దగ్గర గానీ ఆ పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకి బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు, తల పగిలిపోతున్నట్టు నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి, యూరిన్ పైపు మెలిక పడిందేమో చూడండి. ఎక్కువసార్లు కారణం నిండిన బ్లాడరే. తగ్గకపోతే హాస్పిటల్‌కే. వీళ్లకి మామూలు బీపీయే తక్కువ ఉంటుంది కాబట్టి పై బీపీ 140 కూడా ఎక్కువే కావచ్చు, ఆ మాట అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లకి గట్టిగా చెప్పండి. ఇదే దెబ్బ ఉన్నవాళ్లకి ఒంటి కింద భాగంలో చెమట సరిగా పట్టదు, మన మే నెల ఉక్కలో ఒళ్లు కాలిపోతుంది, తడిగుడ్డ, ఫ్యాను తప్పనిసరి.

అపోహ: ర్యాంప్ కడితే ఇల్లు రెడీ

అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. రెండడుగుల అరుగుంటే 24 అడుగులు, ఆరిలోవ కొండవాలు ఇళ్లకి ఎక్కడ కడతాం చెప్పండి! అలాంటప్పుడు కింద రోడ్డుకి దగ్గరగా అద్దెకి మారడమే నయం అని మొహం మీదే చెప్పేస్తా. అపార్ట్‌మెంట్లలో ఇంకో విచిత్రం, లిఫ్ట్ ఉంటుంది, లిఫ్ట్ ముందు నాలుగు మెట్లుంటాయి. అన్నీ దాటి లోపలికొస్తే బాత్రూమ్ డోర్‌లో వీల్‌చైర్ పట్టదు. ర్యాంప్ కంటే ముందు టేప్ పట్టుకుని ఆ డోర్ కొలవండి.

అపోహ: బాగా చూసుకోవడమంటే అన్నీ మనమే చేసిపెట్టడం

చొక్కా తనే వేసుకుంటే అరగంట, అమ్మ వేస్తే రెండు నిమిషాలు, కాబట్టి అమ్మే వేస్తుంది. నేను కనీసం ఆదివారమైనా ఆ అరగంట ఇవ్వమంటాను. సీ4 దెబ్బతో చేతులు కూడా పైకెత్తలేని మనిషైనా సరే, తనని ఎప్పుడు తిప్పాలో, ఎలా ఎత్తాలో, కొత్తగా వచ్చిన కేర్‌టేకర్‌కి తనే చెప్పగలగాలి, అది కూడా మేం ప్రాక్టీస్ చేయిస్తాం. పెన్షన్ డబ్బులు, ఏటీఎం కార్డు, ఫోన్ లాక్ అతని దగ్గరే ఉండనివ్వండి.