తలకిందులైతే పడేది పైలట్ కాదు: విమాన విన్యాసాలపై అపోహలు, వాస్తవాలు

2024 డిసెంబరులో హుస్సేన్‌సాగర్ మీద వాయుసేన సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు చేసినప్పుడు మా చెల్లెలి కుటుంబంతో కలిసి ట్యాంక్‌బండ్‌కు వెళ్లాను. వాయుసేనలో ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీని విప్పి బిగించే మెకానిక్‌గా పనిచేసినవాణ్ని. అందులో చాలాకాలం కిరణ్ శిక్షణ విమానాల పొట్ట కిందే గడిచింది. అందుకని దారి పొడవునా ప్రశ్నలన్నీ నాకే. ఆ రోజు విన్నవి, ఇలాంటి ప్రదర్శనలకు వెళ్లిన ప్రతిసారీ వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: తలకిందులైనప్పుడు పైలట్‌ను కాపాడేది బెల్టు ఒక్కటే.

"బెల్టు ఊడితే ఎలా బాబూ?" అని మా చెల్లెలి అత్తగారు నిజంగానే కంగారుపడ్డారు. నిండు చెంబుకు తాడు కట్టి గిరగిరా తిప్పితే నీళ్లు ఒలకవు కదా, లూప్‌లో జరిగేదీ అదే. విమానం నిలువుగా వలయం తిరుగుతుంటే, ఆ వలయం శిఖరాన కూడా పైలట్ సీటుకే అదుముకుని ఉంటాడు. బాబ్ హూవర్ అనే అమెరికన్ పైలట్ విమానాన్ని పీపాలా దొర్లిస్తూనే గ్లాసులోకి టీ వంపి చూపించేవాడు. బెల్టుకు అసలు పని పడేది, విమానం తలకిందులుగానే తిన్నగా సాగిపోయేటప్పుడు. అప్పుడు ఒంటి బరువంతా పట్టీల మీద వేలాడుతుంది.

అప్పుడు నిజంగా పడేవి వేరే ఉంటాయి. కాక్‌పిట్ మూలల్లో పేరుకున్న దుమ్ము, ఎవరో జారవిడిచిన పెన్ను మూత, ఒక స్క్రూ. తలకిందులు కాగానే ఇవన్నీ పైనున్న గాజు కప్పు మీదకు చేరతాయి. విమానం మళ్లీ నిటారైతే ఎటు జారతాయో చెప్పలేం. కంట్రోల్ కడ్డీ దగ్గర ఇరుక్కున్నాయంటే అంతే సంగతులు. అందుకే మా పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే కోసిన గుంట ఉండేది. ఒక్క గుంట ఖాళీగా కనిపించినా విమానం కదలడానికి వీల్లేదు. ఒకసారి అరచేయంత కూడా లేని స్క్రూడ్రైవర్ కనబడక రెండు విమానాలు ఆపేశాం. సీట్లు విప్పి, టార్చిలు పట్టుకుని మూడు గంటలు వెతికాం. తీరా అది నా ఓవరాల్ మోకాలి జేబులో దొరికింది. ఆ తర్వాత వారం రోజులు మెస్‌లో నా చేతికి చెంచా ఇవ్వలేదు, పోగొడతానని.

అపోహ: విమానాలు వెంట్రుకవాసిలో గుద్దుకోబోయి తప్పించుకుంటాయి.

ఇది సగం నిజం. ఒకే బారులో ఎగిరే సూర్యకిరణ్ విమానాల మధ్య దూరం 5 మీటర్లకు అటూఇటూ ఉంటుంది. అది కనికట్టు కాదు. నాయకుడు తప్ప మిగతావాళ్లెవరూ ముందుకు చూడరు, వాళ్ల కళ్లు పక్క విమానం మీదే. ఎదురెదురుగా దూసుకొచ్చే రెండు విమానాల సంగతి వేరు. రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఎదురెదురు లారీలు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోయినట్టు కనిపిస్తాయి, మధ్యలో డివైడర్ ఉన్నా సరే. ఆకాశంలోనూ అంతే. మనవైపు నుంచి ఒకటి, అవతలి వైపు నుంచి ఒకటి వెళతాయి. ఎగిరే ముందు పైలట్లు నేలమీదే వరుసగా నడుస్తూ, చేతులు వంచుతూ, మొత్తం ప్రదర్శన ఒకసారి ఆడేస్తారు. తెలియనివాళ్లు చూస్తే కర్రల్లేని కోలాటం అనుకుంటారు.

అపోహ: అంతా లెక్క ప్రకారమే కాబట్టి ప్రమాదమే ఉండదు.

2010 మార్చి 3న బేగంపేటలో ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళ 'సాగర్ పవన్' జట్టు విమానం న్యూ బోయిన్‌పల్లిలో కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. అది కిరణే, నేను చేతులారా విప్పి బిగించిన రకమే. 2019 ఫిబ్రవరిలో ఏరో ఇండియా విమాన ప్రదర్శనకు ముందు, బెంగళూరు యలహంక దగ్గర సాధనలో రెండు సూర్యకిరణ్ హాక్ విమానాలు ఢీకొని ఒక పైలట్ పోయాడు. ప్రమాదమే లేదనే మాట మా వృత్తిలో ఎవరూ అనరు.

అపోహ: ఆ తెల్ల పొగ ఇంజిన్ కాలుతున్న పొగ.

కాదు. ఇంజిన్ వెనక నుంచి వెలువడే వేడి వాయువులోకి డీజిల్ లాంటి నూనెను చిమ్ముతారు. అది ఆవిరై, బయటి గాలికి చల్లబడి తెల్లటి మంచులా మారుతుంది. రంగు కావాలంటే అద్దకపు రంగు కలుపుతారు. స్విచ్ పైలట్ చేతిలోనే ఉంటుంది.

అపోహ: చప్పుడు వినబడ్డ వైపు చూడాలి.

మా మేనల్లుడు అరగంటసేపు చేసిన పని ఇదే. "మామయ్యా, ఏదీ? ఏదీ?" అంటూ ఖాళీ ఆకాశాన్ని ఫోనులో తీశాడు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. విమానం కిలోమీటరు దూరంలో ఉంటే చప్పుడు మూడు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గంటకు 600 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం ఆలోగా అర కిలోమీటరు దాటిపోతుంది. చప్పుడు కంటే ముందుకు చూడమన్నాను. రెండుసార్లకే పట్టేశాడు.

అపోహ: లూపులు కొట్టకపోతే మనల్ని మోసం చేసినట్టే.

మబ్బులు బాగా కిందికి దిగివస్తే నిలువు విన్యాసాలు మానేసి, చదునుగా మలుపులు తిరిగే ప్రదర్శన ఇస్తారు. అది ముందే రాసి పెట్టుకున్న పద్ధతి.

అపోహ: ఎంత దగ్గరకు వెళితే అంత బాగుంటుంది.

1988లో జర్మనీలోని రామ్‌స్టయిన్‌లో ఇటలీ జట్టు విమానాలు ఢీకొని, ఒకటి జనం మీద పడింది. 70 మంది చనిపోయారు. జనానికీ విన్యాసాలకూ మధ్య దూరం, జనం వైపు దూసుకు రాకూడదన్న కట్టుబాటు ఆ తర్వాతే చాలా దేశాల్లో బిగుసుకున్నాయి. తాడు దాటి ముందుకు తోసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా కాస్త వెనక నిలబడితేనే తొమ్మిది విమానాల ఆకారం ఒక్క చూపులో పడుతుంది.

అపోహ: భయమంతా పైనే.

2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా ప్రదర్శన రోజు ఐదుగురు చనిపోయారు. ఒక్క విమానానికీ ఏమీ కాలేదు. ఎండ, రద్దీ. నీళ్లు, టోపీ మరవకండి. చంటిపిల్లలకు చెవులు పూర్తిగా మూసే మఫ్‌లు పెట్టండి. దూది చాలదు.

ఇక తిండి. మిగిలిన ముక్కలు పారేస్తే గద్దలొస్తాయి, గద్ద ఇంజిన్‌లో పడితే విమానానికి ముప్పు. 2025 ఏరో ఇండియాకు యలహంక చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాలు ఆపింది అందుకే. ఈ మాట చెప్పి, విప్పబోతున్న పొట్లం మడిచి సంచిలో పెట్టమన్నాను.

అత్తగారు పొట్లం వైపు, నా వైపు చూశారు. "గద్దలు పులిహోర తింటాయా నాయనా?"

"కాకులు తింటాయండీ," అన్నాను.