ఎడారిలో పల్లేరుకు ఒక చుట్టం

అరిజోనా ఎడారిలో వాన పడితే గాలంతా ఒక ఘాటు వాసన కమ్ముకుంటుంది. క్రియోసోట్ అనే పొద ఆకుల మీది జిగురు వాసన అది. ఆకుల్లోని తడి ఎండకు ఆవిరైపోకుండా కాపాడేదీ ఆ జిగురే. ఐదు రేకుల పసుపు పూలు చూస్తే మన చేలగట్ల మీది పల్లేరు గుర్తొస్తుంది. నిజానికి రెండూ ఒకే కుటుంబం మొక్కలు.

ఈ పూల మీద వందకు పైగా జాతుల తేనెటీగలు వాలతాయి. వాటిలో ఇరవై పైచిలుకు జాతులు పిల్లలకు పెట్టే పుప్పొడిని మరే మొక్క నుంచీ తీసుకోవు. ఇవి తేనెపట్టు కట్టవు. నేలలో బొరియలు చేసి, పుప్పొడి ముద్ద పెట్టి, దానిమీద గుడ్డు పెడతాయి. నన్ను అబ్బురపరిచేది వీటి ఓపిక. వానల్లేక పొద పూయని ఏడాది వీటిలో చాలావరకు బయటికే రావు, నేలలోనే నిద్రావస్థలో ఆగిపోతాయి!

అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో ఏడాదికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. అనంతపురం వానలో సగం కూడా కాదు. క్రియోసోట్‌కు అది చాలు. అందుకే ఫీనిక్స్, చాండ్లర్‌లలో ఇళ్లున్న మన తెలుగువాళ్లు పెరట్లో దీన్ని పెంచాలని నా కోరిక. ఎదిగిన పొదను తవ్వి తెస్తే బతకడం కష్టం, నర్సరీలో దొరికే చిన్న మొక్కే మేలు. రోజంతా ఎండ తగిలే, నీరు నిలవని చోట నాటాలి. వేళ్లు దిగేదాకా నీళ్లు పోసి, తర్వాత బాగా తగ్గించాలి. పచ్చగడ్డికి పెట్టినట్టు రోజూ డ్రిప్ పెడితే వేళ్లు కుళ్లిపోతాయి. ఎరువు అక్కర్లేదు.

అందం కోసం గుండ్రంగా కత్తిరిస్తే మొగ్గలన్నీ పోతాయి. మరీ ముదిరితే మొదలు దగ్గర కోయండి, మళ్లీ చిగురిస్తుంది. ఎడారిలోనూ నడిమి కొమ్మలు చచ్చి, చుట్టూ కొత్తవి లేస్తూ పొద వలయంలా విస్తరిస్తుంది. కాలిఫోర్నియాలోని లూసర్న్ వ్యాలీ దగ్గర అలాంటి వలయం ఒకదాని వయసు 11,700 ఏళ్లని అంచనా.

ఇంకొక్క మాట. ఫీనిక్స్ వైపు ఇళ్ల ముందు గులకరాళ్ల కింద ప్లాస్టిక్ షీటు పరుస్తారు. పొద చుట్టూ మాత్రం అది తీసేసి, కొంత నేలను వట్టిగా వదలండి. తేనెటీగలు బొరియ తవ్వేది అక్కడే.