ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఆ కాస్త పేస్టు

కంప్యూటర్ విప్పి, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మను (హీట్‌సింక్) తీసినప్పుడు ప్రాసెసర్ మీద తెల్లగానో, బూడిద రంగులోనో కనిపించే ముద్దే థర్మల్ పేస్టు. వేడిని లాగేయడంలో దీన్ని మించింది లేదని చాలామంది నమ్మకం. లోహాల పక్కన పెట్టి చూస్తే అది ఏ మూలకీ రాదు. ఉష్ణవాహకత లెక్కలో (వాట్/మీటర్-కెల్విన్) రాగిది సుమారు 400. బజారులో దొరికే మంచి పేస్టులు చాలావరకు 4 నుంచి 12 మధ్యలోనే ఉంటాయి. అలాంటప్పుడు రాగి హీట్‌సింక్‌ని నేరుగా ప్రాసెసర్ మీద బిగించేస్తే పోదా?

పోదు. తళతళలాడే లోహం కూడా మైక్రోస్కోప్ కింద అంతా గతుకులే. అలాంటివి రెండు ఆనించినప్పుడు నిజంగా తగిలేది అక్కడక్కడా కొన్ని బుడిపెలు మాత్రమే. మిగతా చోటంతా గాలి. దాని వాహకత 0.026. పేస్టు దానికన్నా వంద రెట్లకు పైగా నయం. గోడకు పెట్టే పుట్టీ లాంటిదే ఇదీ: గుంటలు పూడితే చాలు, పైన మందం పెరిగితే నష్టం.

ఎంత నష్టమో లెక్క కడదాం. రెండు చదరపు సెంటీమీటర్ల చిప్పు, 100 వాట్ల వేడి, వాహకత 5 ఉన్న పేస్టు. పొర మందం 0.05 మిల్లీమీటర్లైతే దాన్ని దాటడానికి 5 డిగ్రీల తేడా సరిపోతుంది. అదే అర మిల్లీమీటరైతే 50 డిగ్రీలు! ఇది కాగితం మీది లెక్కే. బిగింపు ఒత్తిడికి ఎక్కువైన పేస్టు పక్కలకు జారిపోతుంది కాబట్టి నిజంగా అంత ఘోరం జరగదు. అయినా ఖరీదైన ట్యూబు కోసం తాపత్రయపడే కన్నా బిగింపు మీద శ్రద్ధ పెట్టడం మేలని నా అభిప్రాయం.

పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాలి. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి మధ్యలో బఠానీ గింజంత పెడితే సరి. ఒక స్క్రూ పూర్తిగా తిప్పేసి ఇంకోదానికి పోకూడదు, ఎదురెదురు మూలల్లో కాస్త కాస్త బిగిస్తూ రావాలి. కొత్త హీట్‌సింక్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే ముందే పీకేయాలి. అది అలాగే ఉంచి బిగించి, వేడెక్కుతోందని ప్రాసెసర్‌ని తిట్టేవాళ్లున్నారు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు పెట్టే ఏఎం4 రకం సాకెట్ బోర్డుల్లో ఇంకో టెన్షన్ ఉంది. ఎండిన పేస్టు పట్టేసి, హీట్‌సింక్ లాగితే ఒక్కోసారి ప్రాసెసర్ కూడా ఊడొచ్చి దాని పిన్నులు వంగుతాయి. కాసేపు కంప్యూటర్ నడిపి, ఆపి, వెచ్చగా ఉండగానే మెల్లగా అటూ ఇటూ మెలిపెట్టి తీయాలి.

పేస్టులో ఎక్కువగా ఉండేది సిలికాన్ నూనె, జింక్ ఆక్సైడ్ లాంటి పొడి. వేడిని మోసేది పొడి, పరుచుకోనిచ్చేది నూనె. వేడెక్కడం, చల్లారడం ఏళ్ల తరబడి సాగితే నూనె విడిపోతుంది, మధ్యలోని పేస్టు అంచులకు నెట్టుకుపోతుంది. పాత ల్యాప్‌టాప్ ఫ్యాను మే నెలలో అంతగా అరవడానికి దుమ్ముతో పాటు ఇదీ ఒక కారణం.

చిప్పు మీద కంపెనీ పెట్టే లోహపు మూత కింద కూడా ఇదే గొడవ. 2012లో ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో అక్కడ సోల్డర్ (కరిగించి అతికించే లోహం) మానేసి పేస్టు వేసింది. వేడి పెరిగిందని గోల మొదలైంది. కొందరు బ్లేడుతో మూత ఊడదీసి చూశారు. అంచుల్లోని జిగురు వల్ల మూత కింద ఎడం మిగిలిపోయి పేస్టు పొర మందంగా ఉండటమూ కారణమని తేల్చారు. 2018లో ఐ9-9900కే లాంటి చిప్పులతో సోల్డర్ తిరిగొచ్చింది. మూతకీ హీట్‌సింక్‌కీ మధ్య మాత్రం పేస్టు పూసే పని ఇప్పటికీ బిగించేవాళ్లదే.