కుక్క గోళ్లు ఇంట్లో తీయడం: అపోహలు - వాస్తవాలు

గ్రూమింగ్‌కి వచ్చే కుక్క గచ్చు మీద టకటకమంటూ నడిచిందంటే సంగతి నాకు అర్థమైపోతుంది. ఇంట్లోవాళ్లు కట్టర్ కొన్నారు, ఒకసారి రక్తం చూశారు, దాన్ని అటకెక్కించేశారు.

అపోహ: రోజూ వాకింగ్‌కి తీసుకెళ్తున్నాం, గోళ్లు వాటంతటవే అరిగిపోతాయి.

కొంతవరకూ నిజమే, గరుకు నేల మీద బాగా పరిగెత్తేవాటికి అరుగుతాయి. కానీ ముందుకాళ్లకి లోపలివైపు, కాస్త పైన, బొటనవేలులా ఉండే గోరు నేలకి తగలదు. బొచ్చులో కనపడదు కూడా. వదిలేస్తే కొడవలిలా వంపు తిరిగి చర్మంలోకి దిగుతుంది. మిగతావి ఎలా ఉన్నా, ఆ గోరుని వేలితో తడిమి చూడండి.

అపోహ: నల్లగోళ్ల జోలికి మనం పోకూడదు.

పోవచ్చు, ఓపిక ఉంటే. గోరు లోపల రక్తనాళాలు, నరాలు ఉన్న భాగాన్ని మేం క్విక్ అంటాం. తెల్లగోరులో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది కాబట్టి 2 మిల్లీమీటర్లు ఇవతలే ఆగొచ్చు. నల్లగోరుని మాత్రం కొస నుంచి పలచగా చెక్కుతూ రావాలి. ప్రతి ముక్కకీ ఆగి, కోసిన చోటుని మీవైపు తిప్పి చూడండి. మొదట సుద్దలా పొడిగా ఉంటుంది. ఇంకాస్త లోపలికి వెళ్తే నడిమధ్యలో చిన్న చుక్క తేలుతుంది, చుట్టూ ఉన్నదానికంటే నున్నగా, తడిసినట్టు. ఇక చాలు. పని నేర్చుకునే రోజుల్లో నేను ‘ఇంకొక్క ముక్కే కదా’ అనుకున్నాను. రక్తం వచ్చింది.

అపోహ: రక్తం వచ్చిందంటే పెద్ద ప్రమాదమే.

కుక్కకి నొప్పి పుడుతుంది, కాదనను. కానీ రక్తాన్ని ఆపే స్టిప్టిక్ పౌడర్, అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ అద్ది, గుడ్డతో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుంటే మామూలుగా ఆగిపోతుంది. మధ్యలో ఎత్తి చూడొద్దు. 15 నిమిషాలైనా ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: బాగా పెరిగిన గోళ్లని ఒకే విడతలో పొట్టి చేసేయాలి.

గోరుతో పాటు క్విక్ కూడా సాగి ఉంటుంది. వారం పది రోజులకోసారి కొసలు మాత్రం తీస్తూ ఉంటే అది మెల్లగా వెనక్కి జరుగుతుంది.

అపోహ: గోళ్లని అరగదీసే గ్రైండర్ వాడితే భయమే లేదు.

గోరు వేడెక్కుతుంది, ఎక్కువ అరిగితే దానితోనూ రక్తం వస్తుంది. ఒక్కో గోరుకి రెండు సెకన్లు ఆనించి తీసేయండి. బొచ్చు చుట్టుకోకుండా చూసుకోండి.

అపోహ: ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకుంటే పని అయిపోతుంది.

ఆ రోజుకి అవుతుంది. మర్నాటి నుంచి కట్టర్ కనపడితే చాలు, మంచం కిందికి దూరుతుంది. కాలుని పక్కకి లాగకండి, ముసలి కుక్కల కీళ్లు అసలే నొప్పిగా ఉంటాయి. చాలా కుక్కలకి 18 గోళ్లుంటాయి. రోజుకి రెండు తీసి, తీసిన వెంటనే ఇష్టమైనది నోటికందిస్తే తొమ్మిది రోజుల పని. తల పక్కకి తిప్పి మూతి నాక్కుంటోందంటే విసిగిందన్నమాట. ఒక్క గోరే అయినా సరే, ఇక రేపు చూడండి.